చామనఛాయకు నీడ ఏ రంగు? ఎండకు ఒకటి, ముసురుకు ఒకటి, దీపానికి ఒకటి

చర్మానికి ఒక రంగు ఎంచుకోవడం, అదే రంగును స్లైడర్‌లో నలుపు వైపు లాగి నీడగా వేసేయడం. డిజిటల్ పెయింటింగ్ మొదలుపెట్టిన ప్రతివాళ్లూ చేసే పని ఇదే. గీత బాగుంటుంది, పోలిక కుదురుతుంది, మొహం మాత్రం మసి పూసినట్టు ఉంటుంది.

ఎందుకో అంకెల్లో చూద్దాం. ఎండలో తిరిగే మనిషి చామనఛాయ ఆర్‌జీబీలో (ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలు, ఒక్కోటి 0 నుంచి 255 దాకా) 164, 106, 68 అనుకోండి. హ్యూ (రంగుల చక్రంలో చోటు, 360 డిగ్రీలకు) 24, శాచురేషన్ (రంగు చిక్కదనం, 100కు) 59, బ్రైట్‌నెస్ (వెలుగు, 100కు) 64. దీన్ని నలుపు వైపు దించితే 90, 58, 37 వస్తుంది. హ్యూ అదే 24, శాచురేషన్ అదే 59, బ్రైట్‌నెస్ ఒక్కటే 35కు పడింది. అంటే రెండు చెంపల మీదా ఒకే దీపం పెట్టి, ఒక వైపు వత్తి తగ్గించినట్టు. ఆరుబయట అలా జరగదు. ఎండ తగలని చోటికి ఆకాశం నుంచో, నేల నుంచో, ఎదుటి గోడ నుంచో వేరే వెలుతురు వచ్చి పడుతుంది. నీడ రంగు ఎంచుకోవడమంటే ఆ రెండో వెలుతురు ఎక్కడిదో తేల్చుకోవడమే. అది తేలకుండా ఏ పద్ధతి పట్టుకున్నా గుడ్డిగా వేసినట్టే.

తెల్ల పంచె పరీక్ష

తెల్లగుడ్డకు సొంత రంగు లేదు. నీడలో అది ఏ రంగుగా కనిపిస్తే, అక్కడ పడే వెలుతురు రంగు అదే. విజయనగరం పొలిమేర దాటాక ఎర్రమట్టి రోడ్డు మీద, ఉదయం పదిన్నర ఎండలో, పొందూరు ఖద్దరు పంచె కట్టుకున్న పెద్దాయన ఒకరు నిలబడి ఉన్నారనుకోండి. ఎండ తగిలే వైపు పంచె కాస్త పసుపు కలిసిన తెలుపు. నీడ వైపు మడతల్లో ఆకాశానికి తిరిగి ఉన్నవి లేత నీలం, ఊదా. మోకాళ్ల దిగువన నేలకు వంగిన మడతలు ఇటుక రంగు. పంచె ఒకటే, నీడ ఒకటే, రంగులు రెండు. ఆయన మొహంలోనూ ఇదే వరస: కణత, చెంప పక్క భాగం ఆకాశం వాటా, గడ్డం కింద, ముక్కు కింద, కనుబొమ్మల చూరు కింద నేల వాటా.

అందుకే మొహం మొదలుపెట్టక ముందు కాన్వాస్ మూల ఒక తెల్ల బంతి గీసి, ఆ సన్నివేశంలో దాని నీడ ఏ రంగులో ఉంటుందో ముందు తేల్చుకోండి. ఫొటో దగ్గరుంటే అందులో తెల్ల చొక్కా నీడ భాగం చూడండి. నీలిమందు పెట్టి ఉతికిన చొక్కా అయితే దాని నీలం కొంత తీసేసి లెక్క వేయాలి. ఆ బంతి నీడ రంగే మీ మల్టిప్లై లేయర్ (కింది బొమ్మను ముదురు చేసే పై పొర) రంగు. మల్టిప్లై చేసే పని కూడా అదే: కింది అంకెను పై అంకెతో గుణించి 255తో భాగిస్తుంది. చర్మం మీద, చొక్కా మీద, గోడ మీద ఒకే వెలుతురు పడితే ఏం జరుగుతుందో దాదాపు అదే జరుగుతుంది.

ఇప్పుడు 164, 106, 68 మీద మూడు మల్టిప్లై రంగులు వేసి చూద్దాం.

బూడిద రంగు 140, 140, 140 వేస్తే 90, 58, 37. పైన చూసిన మసి ఇదే.

ఆకాశ నీలం 130, 160, 190 వేస్తే 84, 67, 51. హ్యూ 29కి జరిగింది, శాచురేషన్ 39కి పడింది. మొహం పాచి పట్టినట్టు కనిపిస్తుంది. కారణం సులువు: ఈ నీలంలో ఆకుపచ్చ అంకె ఎరుపు కంటే ఎక్కువ. గుణించినప్పుడు చర్మంలోని ఎరుపు బాగా తెగుతుంది, ఆకుపచ్చ అంతగా తెగదు. ‘నీడకు నీలం వాడండి’ అన్న సలహా విని బొమ్మ పాడుచేసుకున్న వాళ్లలో ఎక్కువమంది పడేది ఇక్కడే.

లేత ఊదా 150, 140, 180 వేస్తే 96, 58, 48. హ్యూ 13, శాచురేషన్ 50, బ్రైట్‌నెస్ 38. చర్మం కింద రక్తం ఉన్నట్టు అనిపిస్తుంది.

ఎండ సన్నివేశానికి మా ఓటు మూడోదానికే. మల్టిప్లై రంగు హ్యూ 240 నుంచి 260 మధ్య, శాచురేషన్ 15 నుంచి 25, బ్రైట్‌నెస్ 65 నుంచి 75 ఉంచండి. నిజంగా కొలిస్తే ఆకాశపు హ్యూ 210 దగ్గరే ఉంటుంది కదా, ఊదా ఎందుకు అని అడగొచ్చు. వెలుతురు చర్మం పైనే ఆగదు, లోపలికి దిగి చెదిరి బయటికి వస్తుంది. ఎర్ర కాంతి లోపల ఎక్కువ దూరం పోతుంది, నీలం కాంతి తొందరగా ఇంకిపోతుంది. నీడలోకి పాకే ఆ ఎరుపు సంగతి మల్టిప్లైకి తెలియదు. ఊదాలో ఉన్న ఎరుపు ఆ లోటును కొంత పూడుస్తుంది.

ఇంకో మోసం కంటిది. 96, 58, 48 నిజానికి ఇటుక గోధుమ రంగు. వెలుగు పడ్డ చర్మం పక్కన పెట్టగానే నీలంగా అనిపిస్తుంది. ఆ అనిపించడాన్ని నమ్మి రంగుల చక్రంలో 220 దగ్గర నీలం తీసి పూస్తే మనిషి మూడు రోజులు నీళ్లలో నానినట్టు తేలతాడు. మామూలు పగటి వెలుతురులో చర్మపు నీడ హ్యూ 350 నుంచి 0 మీదుగా 30 వరకున్న హద్దు దాటడం అరుదు. చల్లదనం కావాలంటే హ్యూ తిప్పక్కర్లేదు, శాచురేషన్ తగ్గిస్తే చాలు.

ఎంత ముదురు ఉండాలి

రంగు తేలాక ముదురు సంగతి. నడి ఎండలో నేల మీద పడే వెలుతురు సుమారు 1,00,000 లక్స్ (వెలుతురు కొలమానం). పక్కనే గోడ నీడలో 10,000 నుంచి 20,000. అంటే ఎండలో అయిదో వంతు నుంచి పదో వంతు. స్క్రీన్ మీది అంకెలు వెలుతురుతో సమానంగా నడవవు కాబట్టి అయిదో వంతు వెలుతురుకు అంకె 0.48 రెట్లకు, పదో వంతుకు 0.35 రెట్లకు దిగుతుంది. ముసురు రోజున మొహం రెండు వైపులకీ తేడా రెండింతలు కూడా దాటకపోవచ్చు, సగం వెలుతురంటే 0.73. గదిలో ఒక్క దీపమే ఉంటే నీడలో ఇరవయ్యో వంతే మిగలొచ్చు, అది 0.26.

పని నడవడానికి మూడు అంకెలు చాలు: ఎండకు 0.45, ముసురుకు 0.75, దీపానికి 0.25. వెలుగులో చర్మం బ్రైట్‌నెస్ 84 అయితే ఎండ నీడ 38 దగ్గర. కొత్తవాళ్ల బొమ్మల్లో నీడ అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది, ముదురు మాత్రం 65 దగ్గర ఆగిపోతుంది. అంచు ఎండది, ముదురు ముసురుది. చూసేవాళ్లకు తప్పేమిటో చెప్పలేరు గానీ ఏదో తేడాగా ఉందంటారు.

ఎండ

వెలుగు వైపు చర్మాన్ని కూడా ఒక మెట్టు లేపాలి. దీనికి ఓవర్‌లే, స్క్రీన్ అనే లేయర్ మోడ్‌లు రెండింటిలో ఏది? (ఈ స్క్రీన్ అంటే తెర కాదు, మల్టిప్లైకి తిరగేసినట్టు కింది రంగును లేపే మోడ్.) ఓవర్‌లేలో 255, 220, 170 పూస్తే మన చామనఛాయ 255, 183, 91 అవుతుంది. ఎరుపు అంకె పైకప్పుకు తగిలేసింది, మొహం నారింజ తొన. స్క్రీన్‌లో 140, 72, 46 పూస్తే 214, 148, 102. హ్యూ 25, శాచురేషన్ 52, బ్రైట్‌నెస్ 84. పైన ఇంకా మెరుపుకు చోటు మిగిలింది. చర్మానికి స్క్రీనే మేలు. ఓవర్‌లేను ఇత్తడికి, పట్టుకు దాచుకోండి.

వెలుగూ నీడా కలిసే అంచులో ఒక సన్నటి ఎర్ర పట్టీ ఉండాలి. 150, 84, 58 దగ్గర మొదలుపెట్టండి: హ్యూ 17, శాచురేషన్ 61. వెయ్యి పిక్సెళ్ల వెడల్పు మొహానికి చెంప గుండ్రంగా తిరిగే చోట 15 నుంచి 20 పిక్సెళ్లు, ముక్కు నుంచి చెంప మీద పడే నీడ అంచున 3, 4 పిక్సెళ్లు చాలు. పట్టీని మొహమంతా ఒకే వెడల్పున తిప్పితే కాటుక గీసినట్టు తయారవుతుంది.

శ్రీకాకుళం 18.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే నెల మధ్యలో ఒకసారి, జులై చివర ఇంకోసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మే నెలలో అది గడియారం పన్నెండు కొట్టకముందే, 11.50 ప్రాంతంలో. ఆ వేళ కళ్లు గుంటల్లో దాక్కుంటాయి, ముక్కు నీడ పైపెదవి మీద పడుతుంది. అయితే నేల మీద ఎండ నిండుగా పడుతుంది కాబట్టి కింది నుంచి ఎగిసే వెలుతురు కూడా అప్పుడే ఎక్కువ. దానికి నీడ లేయర్ పైన ఒక స్క్రీన్ లేయర్ పెట్టి 60, 28, 14 పూయండి. 96, 58, 48 కాస్తా 133, 80, 59 అవుతుంది, బ్రైట్‌నెస్ 52. ఎర్రమట్టికి ఇది సరిపోతుంది. కళింగపట్నం ఇసుక మీద అయితే ఎరుపు తగ్గించి 50, 36, 24. ఈ నేల వెలుతురు ఎంత పెంచినా, వెలుగు వైపు 84కు దరిదాపుల్లోకి రానివ్వకండి. వస్తే గడ్డం కింద టార్చిలైటు పెట్టినట్టుంటుంది.

సాయంత్రపు ఎండకు వెలుగు 232, 146, 78, నీడ 92, 64, 66. నీడ హ్యూ 356కి పోయింది, శాచురేషన్ 30కి దిగింది. ఎండ ఎంత పసుపైతే నీడ అంత రంగు చచ్చి కనిపిస్తుంది, అది సహజం. కంగారుపడి నీడలో రంగు పెంచకండి.

దసరా వెళ్లిన మంగళవారం విజయనగరం పైడితల్లి జాతరలో సిరిమాను (పూజారిని ఎత్తున కొసన కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను) తిరిగే వేళ కూడా ఇలాంటిదే, మధ్యాహ్నం దాటాక. మాను కొసన కూర్చున్న పూజారి బొమ్మ చాలామంది వేస్తారు, చాలామంది ఒకే చోట తప్పుతారు: కింద జనానికి వేసిన నీడనే ఆయనకీ వేస్తారు. జనానికి నేల, గోడలు, పక్కవాళ్ల చొక్కాలు అన్నీ వెలుతురు విసురుతాయి. ఆయన చుట్టూ ఉన్నది ఆకాశమే. కాబట్టి ఆయన నీడల్లో ఇటుక రంగు దాదాపు ఉండదు, జనం నీడల కంటే శాచురేషన్ ఓ 10 తక్కువ పెట్టాలి. వెనక ఆకాశం వెలుగుగా ఉండటంతో మొహం మరీ నల్లబడిందనిపించి తెల్లబరచబుద్ధవుతుంది. దానికి బదులు ఆకాశం బ్రైట్‌నెస్‌నే 95 పైకి లేపి మొహాన్ని 40 దగ్గర ఉంచండి. భుజం మీద, పాగా అంచున సన్నటి ఎండ గీత వేస్తే మనిషి ఆకాశం నుంచి విడివడతాడు.

ముసురు, తోట

ముసురులో వెలుగు 176, 128, 100, నీడ 128, 92, 76. ఎర్ర పట్టీ వద్దు. వెలుతురు ఆకాశమంతటి నుంచీ వస్తుంది కాబట్టి నుదురు, ముక్కు దూలం కాస్త చల్లగా, గడ్డం కింద కాస్త వెచ్చగా ఉంటాయి. తడిసిన చర్మం మీద మెరుపు చుక్కలా కాక పలకలా, బూడిద నీలంగా పరుచుకుంటుంది. ముసురు బొమ్మకు మల్టిప్లై లేయర్ అవసరమే తక్కువ. నేరుగా రంగులు ఎంచుకుని వేయడమే హాయి.

ఉద్దానం తోటల్లోకి వెళ్తే లెక్క మారుతుంది. ఆకుల గుండా దిగే వెలుతురు పసుపు పచ్చ. 150, 165, 120 మల్టిప్లై వేస్తే చామనఛాయ 96, 69, 32కు పోతుంది, హ్యూ 35. మొహమంతా వేస్తే పచ్చకామెర్లే. 40 శాతం ఒపాసిటీ (పొర ఎంత దట్టంగా కనబడాలో చెప్పే అంకె) దాటకుండా, ఆకులకు ఎదురుగా ఉన్న నుదురు, భుజాల మీద మాత్రం వేయండి.

తోటలో అసలు అందం ఎండ చుక్కల్లో ఉంది. ఆకుల సందు ఏ ఆకారంలో ఉన్నా కింద పడే చుక్క గుండ్రంగానే ఉంటుంది, ఎందుకంటే అది సూర్యుడి బింబం. సందు ఎంత ఎత్తున ఉంటే చుక్క అంత పెద్దది: మీటరుకు సుమారు 9 మిల్లీమీటర్లు. పది మీటర్ల కొబ్బరి మట్టల నుంచి పడే చుక్క 9 సెంటీమీటర్లకు పైనే, అంటే మొహం వెడల్పులో సగానికి పైగా కప్పేస్తుంది, అంచు బాగా మెత్తగా ఉంటుంది. మూడు మీటర్ల జీడిమామిడి కొమ్మ కింద చుక్క 3 సెంటీమీటర్లు, అంచు గట్టిగా. కొబ్బరి తోటలో నిలబడ్డ మనిషి మీద రూపాయి బిళ్లంత చుక్కలు చల్లితే, చెట్లు ఎంత బాగా వేసినా తోట నమ్మించదు. ఎండ ఏటవాలుగా ఉంటే చుక్క నేల మీద కోడిగుడ్డులా సాగుతుంది.

గది, దీపం, వీధి

6500 కెల్విన్ (వెలుతురు రంగు కొలమానం, అంకె పెరిగేకొద్దీ చల్లన) ట్యూబ్‌లైటు గదిలో నీడ రంగును గోడ సున్నం నిర్ణయిస్తుంది. ఆకుపచ్చ గోడ అయితే పచ్చ, గులాబీ గోడ అయితే గులాబీ. మామూలు రకం ఎల్‌ఈడీలు ముదురు ఎరుపును సరిగ్గా చూపవు కాబట్టి చర్మం శాచురేషన్ ఓ 8 నుంచి 10 తగ్గించండి. అంతకు మించి ఈ వెలుతురులో చెప్పుకోదగ్గ విశేషం లేదు. మంచి బొమ్మ కావాలంటే కిటికీ తెరవండి.

దీపం దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. ‘వెచ్చటి వెలుతురుకు చల్లటి నీడ’ అన్న సూత్రం అందరి నోటా ఉంటుంది. కార్తీకమాసంలో గెడ్డ ఒడ్డున చీకట్లో ప్రమిద పట్టుకున్న ఆడమనిషికి అదే సూత్రం వేస్తే బొమ్మ చెడుతుంది. ఎండలో నీడ చల్లగా ఉండటానికి కారణం ఎండ వెచ్చగా ఉండటం కాదు, రెండో వెలుతురుగా నీలాకాశం ఉండటం. ప్రమిద దగ్గర రెండో వెలుతురు లేదు. ఉన్నదల్లా ఆ ప్రమిద వెలుతురే చీరకూ చేతికీ తగిలి తిరిగొచ్చింది, అదీ వెచ్చనే. కాబట్టి వెలుగు 226, 128, 52 అయితే నీడ 58, 26, 18. హ్యూ 12, శాచురేషన్ 69, బ్రైట్‌నెస్ 23. చీకటి ఎరుపు. వెనక ఎక్కడైనా ట్యూబ్‌లైటు ఉంటేనో, వెన్నెల ఉంటేనో అటు తిరిగిన అంచుకు మాత్రం నీలం.

దీపానికి ఇంకో గుణం ఉంది, దూరం పెరిగేకొద్దీ తొందరగా సన్నగిల్లుతుంది. ప్రమిద గడ్డానికి 30 సెంటీమీటర్లలో, నుదుటికి 50 సెంటీమీటర్లలో ఉంటే నుదుటికి అందేది గడ్డానికి అందినదాంట్లో 36 శాతమే. స్క్రీన్ అంకెల్లో 0.63 రెట్లు. గడ్డం 89 అయితే నుదురు 56. మొహమంతా ఒకే వెలుగు వేసి నీడలు మాత్రం కింది నుంచి పైకి వేస్తే, అది దీపం కాదు, ఫ్లడ్‌లైటు. పక్కన బుడితి ఇత్తడి చెంబు ఉంటే దాని పసుపు మెరుపును మణికట్టు మీద ఒక చోట తాకించండి. రెండు చోట్ల వద్దు.

వీధి దీపానికి ముందు కథ ఏ ఏడాదిదో చూసుకోవాలి. వీధుల్లో ఎల్‌ఈడీలు పెట్టే జాతీయ కార్యక్రమం మొదలైంది 2015లో. అంతకు ముందు సన్నివేశమైతే చాలావరకు సోడియం దీపాలు, 2000 కెల్విన్ దగ్గర. ఆ వెలుతురులో చర్మం, చొక్కా, గోడ అన్నీ హ్యూ 35 నుంచి 40 మధ్యకు చేరతాయి, తేడా బ్రైట్‌నెస్‌లోనే మిగులుతుంది. నీలం చొక్కా నీలంగా కనిపించదు, నల్లగా పోతుంది. ఇప్పటి తెల్ల ఎల్‌ఈడీ కింద చర్మం పాలిపోతుంది, శాచురేషన్ 35 దాటనివ్వకండి.

ఏ పద్ధతి ఎవరికి

నేరుగా స్లైడర్లతో రంగులు ఎంచుకోవడం, మల్టిప్లై లేయర్, నలుపు తెలుపులో వేసి పైన రంగు పూయడం, ఫొటో నుంచి ఐడ్రాపర్‌తో (తాకిన చోటి రంగును తీసుకునే పనిముట్టు) లాగడం. దారులు ఈ నాలుగే.

ఒకే మనిషి బొమ్మ, నిదానంగా వేయడానికి వీలుంటే నేరుగా ఎంచుకోవడమే అన్నిటికంటే మంచిది. వెలుగు, అంచు, ఆకాశం నీడ, నేల నీడ, మెరుపు: అయిదు రంగులు ముందే పక్కన చుక్కలుగా పెట్టుకుని వాటితోనే మొహం ముగించాలి. ఆరోది తీస్తున్నారంటే ఎక్కడో తడబడ్డారని. దీని లోపమల్లా, రేపు అదే మనిషిని ఇంకో భంగిమలో వేస్తే రంగు కలవకపోవడం.

కామిక్ పేజీలు, జనం ఎక్కువున్న బొమ్మలు అయితే మల్టిప్లై. ఒకే లేయర్ అందరి మీదా పడుతుంది కాబట్టి సన్నివేశం ఒక్క వెలుతురులో ఉన్నట్టు కలిసిపోతుంది. పాడయ్యేది బ్రష్ దగ్గర: పలచటి బ్రష్‌తో నాలుగుసార్లు తిప్పితే నాలుగు పొరల నీడ పేరుకుని మరకలు పడతాయి. గట్టి బ్రష్ 100 శాతం ఒపాసిటీతో నింపి, తర్వాత లేయర్ ఒపాసిటీ తగ్గించుకోండి. క్రిటా వాడేవాళ్లకు ఒక జాగ్రత్త. అందులో క్లిప్పింగ్ (పై పొరను కింది బొమ్మ హద్దు దాటనివ్వని ఏర్పాటు) బదులు ఇన్హెరిట్ ఆల్ఫా ఉంటుంది; బొమ్మ లేయరునీ నీడ లేయరునీ కలిపి ఒక గ్రూపులో పెట్టకపోతే నీడ వెనక గోడ మీదికి కూడా పోతుంది. ఫోన్‌లో ఐబిస్ పెయింట్ వాడితే క్లిప్పింగ్ బటన్ నొక్కితే చాలు.

నలుపు తెలుపులో మొదలుపెట్టే పద్ధతి ముదురు లేతలు కుదరని వాళ్లకు మంచి సాధన. రంగు దగ్గర మాత్రం దెబ్బ కొడుతుంది. కలర్ మోడ్‌లో ఒక గోధుమ రంగు పూస్తే నీడలోనూ వెలుగులోనూ ఒకే హ్యూ పడి, మొహం పచ్చిమట్టి బొమ్మలా ఉంటుంది. ఈ దారే కావాలంటే గ్రేడియంట్ మ్యాప్ (ముదురు నుంచి లేత దాకా ఒక్కో మెట్టుకు ఒక్కో రంగు ఇచ్చేది) వాడండి, అయిదు మెట్లతో: 0 దగ్గర 38, 18, 22; 30 శాతం దగ్గర 96, 58, 48; 50 దగ్గర 150, 84, 58; 75 దగ్గర 214, 148, 102; 100 దగ్గర 250, 222, 190. ఎర్ర పట్టీ మధ్య మెట్టులో తనంతట తానే వస్తుంది.

ఐడ్రాపర్‌ను నమ్మొద్దు. ఫోన్ కెమెరా తెలుపును తనకు తోచినట్టు సరిదిద్దేస్తుంది, దీపం వెలుతురును సగం తెల్లగా చేస్తుంది, ఊరుకోక చర్మాన్ని కూడా నునుపు చేస్తుంది. లాగక తప్పకపోతే ఒక్క పిక్సెల్ కాకుండా 11×11 సగటు తీసుకోండి. దాంట్లోంచి రంగు కాదు, వెలుగుకూ నీడకూ ఎంత తేడా ఉందో అది మాత్రం తీసుకోండి.

నల్లని చర్మం

పై అంకెలన్నీ చామనఛాయకు. 92, 58, 42 లాంటి నల్లని ఛాయ మీద అదే లేత ఊదా మల్టిప్లై వేస్తే 54, 32, 30, బ్రైట్‌నెస్ 21. కళ్లూ ముక్కూ చీకట్లో కలిసిపోతాయి. ఇక్కడ చాలామంది చర్మాన్నే తెల్లబరుస్తారు, అది బొమ్మకే కాదు మనిషికీ అన్యాయం. మల్టిప్లైని 60 శాతం ఒపాసిటీకి దించండి, 69, 42, 35 వస్తుంది, బ్రైట్‌నెస్ 27. మిగతా పని మెరుపుతో చేయించాలి.

చర్మం పైపొర తనకు ఎదురుగా పడ్డ వెలుతురులో 3 శాతం దాకా అద్దంలా తిప్పికొడుతుంది. ఏ ఛాయకైనా ఇది ఇంతే. తెల్లని చర్మం నుంచి లోపలి వెలుతురు ఎక్కువ వస్తుంది కాబట్టి ఈ మెరుపు అందులో మునిగిపోతుంది. నల్లని చర్మంలో తేలి కనిపిస్తుంది. ఆ మెరుపుకు చర్మం రంగు ఉండదు, వెలుతురు రంగే ఉంటుంది. తప్పెటగుళ్ల ఆటగాడు రేకు తప్పెట రొమ్మున కట్టుకుని చెమటలో మునిగి ఎగురుతుంటే, భుజం గుండ్రనంతా ఆకాశాన్ని పలకగా చూపిస్తుంది: 150, 160, 180 దగ్గర, చల్లగా. తప్పెట అంచు పక్కన ఎండ చుక్క 255, 240, 215. భుజం కండ ఆకారం చెప్పేది నీడ కాదు, ఈ మెరుపుల అంచులే. అందుకే నల్లని ఛాయలో నీడకు రెండు రంగులు, మెరుపుకు మూడు రంగులు కేటాయించడం మేలు. మెరుపును చర్మం రంగుకే తెలుపు కలిపి వేస్తే దుమ్ము పట్టినట్టుంటుంది. అరచేతులు, అరికాళ్లు లేతగా, ఎరుపుగా ఉంటాయన్నది మరిచిపోకండి. చెయ్యెత్తిన భంగిమలో మొదట కళ్లు పడేది అక్కడే.

స్క్రీన్, ఫ్లెక్సీ

రంగులు ఎంచుకునే ముందు ఫోన్‌లో ఐ కంఫర్ట్, నైట్ లైట్ లాంటివి, రంగులు పొంగించే వివిడ్ మోడ్ ఆపండి. పసుపు తెర మీద కూర్చుని వేసిన నీడ మర్నాడు పొద్దున్నే నీలంగా కనిపించడానికి వేరే కారణం వెతకక్కర్లేదు.

బొమ్మ ఫ్లెక్సీకో క్యాలెండర్‌కో వెళ్లేదైతే రెండు మార్పులు. సిరా పరుచుకుని ముదురు రంగులు మూసుకుపోతాయి కాబట్టి మొహంలో ఏ నీడా బ్రైట్‌నెస్ 25 కంటే కింద ఉండకూడదు. దీపం బొమ్మలో 23 ఉన్నదాన్ని 30కి లేపండి. రెండోది, స్క్రీన్ మీది నీలాలు సీఎంవైకేలో (అచ్చుకు వాడే నాలుగు సిరాల పద్ధతి) ఊదా వైపు జారతాయి, లేదా మురికిబారతాయి. మెరుపుల్లో వేసిన చల్లటి రంగును ముందే కాస్త బూడిద వైపు తగ్గించి, సాఫ్ట్ ప్రూఫింగ్ (అచ్చులో ఎలా వస్తుందో తెర మీదే చూపేది) ఆన్ చేసి చూసుకోండి. పది అడుగుల ఫ్లెక్సీ కొట్టించే ముందు షాపులో ఒక అడుగు ముక్క కొట్టి చూపించమనండి. ఆ ముక్కలో లోగో, పేర్లు వద్దు, మొహం నీడ వైపు సగం ఉండాలి. ఆ ముక్కను షాపు ట్యూబ్‌లైటు కింద కాకుండా బయటికి తెచ్చి ఎండలో చూడండి. ఫ్లెక్సీ కట్టేది ఎండలోనే.